ఏడో షరతు

నవంబర్ 3, సోమవారం

మా కొడుకు రఘుపతి నోటుబుక్కును తిరగేసి వెనక నుంచి రాస్తున్నాను. ముందు పేజీలు వాడివి, వాటి జోలికి పోను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉండనీ, చూసేవాళ్లెవరు.

నిన్న సారవ్వ పోయింది. మా వెనక అర్రల్లో కిరాయికి ఉంటున్న యమున వాళ్ల అమ్మ. కరీంనగర్ దవాఖానలో నాలుగు రోజులు ఊపిరి కోసం కొట్లాడింది. పదింటికి తీసుకొచ్చారు. ఒంటిగంటకు గోదావరి ఒడ్డుకు తీసుకుపోయారు.

నీళ్లు ఇచ్చాను.

అదే రోజు, సాయంత్రం

పైన రాసింది చదువుకుంటే మా వాకిట్లోకి తెచ్చినట్టుంది. తేలేదు. గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి నా కొంగు ముడిలో ఉంది.

అంబులెన్సు ఆగగానే యమున దిగివచ్చి గేటు చువ్వలు పట్టుకుంది. "పెద్దమ్మా, తాళం తియ్యి. గంటసేపు. తానం పోసి, చుట్టపోళ్లు చూసినంక తీస్కపోతం."

నేను మాట్లాడలేదు. నా తమ్ముడు సదానందం మాట్లాడాడు. వాడికి ఆరు పోర్షన్లున్నాయి, కిరాయిల సంగతి వాడికి తెలిసినట్టు మాకు తెలియదు. పొద్దున్నే ఫోన్ చేసి నేనే పిలిపించుకున్నాను.

"చెల్లె, కాయితం మీద నువ్వే సంతకం పెట్టినవు. ఏడోది యాది చేస్కో."

"చావు కాయితం చదివి వస్తదా అన్నా?"

"నన్నంటే ఏమొస్తది. మంది ఇండ్లల్ల ఎట్లున్నదో ఈడ గట్లనే."

ఏడోది ఇది. కిరాయిదారులలో ఎవరైనా మరణించినచో శవమును ఆవరణలోకి తేరాదు, పదకొండు దినముల కార్యములు ఇచ్చట చేయరాదు. కిరాయి కాగితం రాయించిననాడు ఆ ముక్క పెట్టించింది సదానందం. పక్కన కుర్చీలో కూర్చుని తలూపింది నేను.

గల్లీ మూలన కరెంటు స్తంభం పక్కన టెంటు వేశారు. బల్ల మీద పడుకోబెట్టారు. స్నానం అక్కడే, ఏడుపు అక్కడే. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను.

నవంబర్ 4, మంగళవారం

తప్పు చేయలేదు. అందరూ చేసేదే చేశాను. మా గల్లీలోనే ఒక ఇంట్లో కిరాయికున్న ముసలాయన పోతే ఎనిమిది నెలలు ఆ అర్రల్లో ఎవరూ దిగలేదు. వచ్చినవాళ్లు ముందు అదే అడుగుతారట, ఎవరన్నా పోయారా అని. సారవ్వ పోయిన నక్షత్రం కూడా మంచిది కాదని పంతులు చెప్పాడు, ఇంట్లో పోతే ఇల్లు మూతపెట్టాల్సి వచ్చేదట. మా ఇంటాయనకు బొగ్గుబాయి పింఛను వస్తుంది, అది మందులకే పోతుంది. ఆ రెండర్రల కిరాయితో ఇల్లు గడుస్తుంది. ఇవన్నీ ఆలోచించాలి కదా.

నీళ్లు ఇచ్చాను కదా.

మా ఇంటాయన నాతో మాట్లాడటం లేదు.

నవంబర్ 5, బుధవారం

కార్తీక పున్నమి. పొద్దుగూకేసరికి గల్లీలో ప్రతి గడప ముందు దీపాలు. నేనూ వత్తులు వెలిగించాను.

మూల మీద ఇంకో దీపం ఉంది. శవం లేచిన చోట పెట్టి పదకొండో రోజు దాకా ఆరిపోకుండా చూసుకునే దీపం. ఇంట్లో వెలగాల్సింది. గాలికి ఆరిపోకుండా యమున ఒక నూనె డబ్బాను పక్కకు కోసి, పండబెట్టి, దాని లోపల పెట్టింది. బట్టల దుకాణంలో తనతో పనిచేసే సంతోషి వాళ్ల కంపెనీ క్వార్టర్లో యమున తలదాచుకుంటోందట. క్వార్టర్లో అడ్డం చెప్పే ఓనరు ఉండడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి నూనె పోసిపోతుంది.

పున్నమికి అందరూ మొక్కుతూ ఆ డబ్బా పక్కనుంచే పోయారు.

నవంబర్ 6, గురువారం

ఈ రోజు ముందు పేజీలు తెరిచాను. జోలికి పోనని రాశాను, పోయాను.

రఘుపతి కరెంటు పని చేసేవాడు. ఎందరి ఇళ్లకో వైరింగ్ చేసి, ఎందరి కిరాయి లొల్లులో చూసి, మేము ప్లాటు కొన్ననాడే ఇది రాసిపెట్టాడు. ఇల్లు లేవకముందే రాశాడు. 'అమ్మకు' అని పైన ఉంది.

మీటరు అర్ర అర్రకు వేరే పెట్టియ్యాలె, కిరాయి కాడ కంటె కరెంటు బిల్లు కాడ లొల్లి ఎక్కువైతది.

అడ్వాన్సు పైసలు తీసుకున్ననాడే అవి వాళ్లవి అనుకో, ముట్టకు.

వానకాలం రాకముందే స్లాబు ఎక్కి చూడు, ఉరిసినంక చూస్తే వాళ్ల బియ్యం తడుస్తయి.

ఖాళీ అయినంక సున్నం ఎయ్యకుండ ఎవరికి చూపియ్యకు.

కొత్తోళ్లు దిగిననాడు ఒక బిందె మంచినీళ్లు నువ్వే నింపిపెట్టు, సామాను దించే తొందర్ల వాళ్లకు యాదికుండదు.

రెండో తాళంచెవి నీ దగ్గర పెట్టుకో, కని వాళ్లు లేనప్పుడు తియ్యకు. కిరాయికి ఇచ్చినంక అది వాళ్ల ఇల్లు. దర్వాజ కొట్టి పో.

ఇట్లా తొమ్మిది ఉన్నాయి. పది అని అంకె వేసి ఆపేశాడు. ఏం రాద్దామనుకున్నాడో తెలియదు. మూడేళ్ల కింద పెద్దపల్లి పోయి వస్తుంటే దారిలో లారీ గుద్దింది. ఇల్లు వాడు గీసిన గీతల మీదనే పూర్తిచేశాం. వాడు లేకుండా దిగాం.

సారవ్వ దిగిననాడు నేను బిందె నింపిపెట్టాను. ఆమె దానివైపు చూసి, "ఈ బుద్ధి నీదేనా, ఎవరన్న చెప్పిండ్రా?" అన్నది. మా కొడుకు చెప్పాడన్నాను. "ఏడీ, పిలువు చూద్దాం" అన్నది. అప్పుడు చెప్పాను. ఆనాటి నుంచి రోజూ పగటిపూట మెట్ల మీద నా పక్కన కూర్చునేది. చుట్టాలకు వాడి ముచ్చట పాతబడింది, నేను ఎత్తగానే లేచిపోతారు. సారవ్వ మాత్రం తానే అడిగేది.

"మల్ల చెప్పు. ఆ పొద్దు తినిపోయిండా పిల్లగాడు?"

తిన్నాడు అని చెప్పేదాన్ని. బీరకాయ కూరతో తిన్నాడు.

ఏడాదిన్నర అడిగింది. విసుక్కోలేదు.

నవంబర్ 7, శుక్రవారం

పప్పుచారు పోసుకుని కడుపునిండా తిని పోయాడు. అదొక్కటే నాకు ధైర్యం.

నవంబర్ 8, శనివారం

సదానందం ఒక మొగుడూ పెళ్లాలను వెంటబెట్టుకుని వచ్చాడు. "అక్కా, వెనక పోర్షన్ చూపియ్యి. మంచి పార్టీ, నౌకరోళ్లు. జారిపోనియ్యకు."

"యమున సామాను ఉన్నది కదరా."

"సామానే కదా, మనిషి లేదు. ఎట్లాగు ఇంక ఉండది. నీ దగ్గర చెవి ఉన్నది కదా."

ఉంది. రెండో చెవి. తీశాను.

దర్వాజ కొట్టకుండానే లోపలికి పోయాను. దండెం మీద సారవ్వ చీర ఆరేసినట్టే ఉంది, దవాఖానకు పోయే తొందరలో తీసుకోలేదు. గూట్లో ఆమె తమలపాకుల సంచి. పొయ్యి పక్కన నేను నింపి ఇచ్చిన బిందె. వాళ్లు వాళ్ల బిందె తెచ్చుకున్నాక నాది నాకు తిరిగి ఇవ్వబోతే, ఉంచుకొమ్మన్నాను.

వచ్చినామె చీర వైపు చూసి అడిగింది, "ఇక్కడ పెద్దావిడ ఉంటారా?"

"ఊరికి పోయింది," అన్నాడు సదానందం.

ఆమె నా మొహం చూసింది. నేను తలూపాను.

నవంబర్ 9, ఆదివారం

ఎనిమిది రోజుల మీద మా ఇంటాయన నోరు తెరిచాడు. అన్నం ముందు కూర్చుని, కలపకుండా.

"నిన్న ఆ అర్ర తీసినవట."

"సదానందం అడిగితే..."

"సదానందం. ముప్పై నాలుగేండ్లు బాయి దిగిన. బాయిల ఒక్కడు పోతె షిఫ్టు షిఫ్టంత పనిడిసిపెట్టి పైకొస్తది. వాడు మనోడా, కాంట్రాక్టోడా అని ఎవ్వడడగడు. వాని ముందట తొవ్వ ఇడిసి నిలవడతరు. నీ తమ్ముని ఏడోది ఏ బాయిల రాసిండ్రో నాకెరుక లేదు."

నేను నీళ్ల గ్లాసు ముందు పెట్టాను. ఆయన దాన్ని పక్కకు జరిపాడు.

"పోరడు పోయిన్నాడు మనం క్వార్టర్ల ఉంటిమి. ఎన్ని ఇండ్లకెంచి బిందెలు వచ్చినయి? యాదికున్నదా? నువ్వే లెక్కచెప్పేదానివి కదా సారవ్వకు."

యాదికి ఉంది. పదిహేడు. ప్రతి బిందె పట్టుకొచ్చిన మనిషి పేరు చెప్పగలను.

"ఇంక మూడు దినాలున్నది," అన్నాడు. "ఆ దీపం గేటు లోపటికి రావాలె. నువ్వు తెస్తెనే రావాలె. నేను తెస్త అంటె ఆ పిల్ల ఎప్పుడో ఇచ్చేది."

అప్పుడు తెలిసింది, పగటిపూట డబ్బాలో నూనె పోసేది ఈయనే అని.

నవంబర్ 10, సోమవారం

నీళ్లు నేను ఇవ్వలేదు.

వారం నుంచి ఇచ్చాను ఇచ్చాను అని రాస్తున్నాను, రాస్తే నిజమవుతుందేమో అని. పైపు గేటు మీదుగా అందించింది మా ఇంటాయన. నేను లోపలికి పోయి మోటారు బందు చేశాను. పీనుగుకు పోసిన నీళ్లు వాలుకు పారుతూ మా గడప దిక్కు వస్తున్నాయి. అది చూసి చేశాను. అప్పటికి సగం స్నానమే అయింది. తలకు సీకాయ పెట్టి ఉన్నారు. పైపులో ధార సన్నబడి ఆగిపోయింది. యమున పైపును విదిలించి చూసింది. తర్వాత తలెత్తి మా కిటికీ దిక్కు చూసింది.

ఎదురింటివాళ్లు రెండు బకెట్లు ఇచ్చారు.

సారవ్వ తలకు. రోజూ నా పక్కన కూర్చున్న మనిషి తలకు.

నవంబర్ 11, మంగళవారం

పొద్దున తొమ్మిదింటికి నూనె సీసా పట్టుకుని పోయాను. గేటు రెండు రెక్కలూ తెరిచిపెట్టి పోయాను. యాభై అడుగులుండదు ఆ మూల.

యమున డబ్బా ముందు కూర్చుని వత్తి సరిచేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏందమ్మా ఓనరమ్మా, ఈ జాగ గూడ మీదేనా?"

పెద్దమ్మ పోయి ఓనరమ్మ వచ్చింది. నాకు తగినదే.

"దీపం లోపటికి తీస్కరా బిడ్డా. గేటు తీసిపెట్టిన. రేపటి కార్యం వాకిట్లనే చేసుకో."

"అవ్వ రాని ఇంట్లకు దీపమెందుకు."

కాళ్ల మీద పడదామనుకున్నాను. పడితే నన్ను లేపే పని కూడా ఆమె మీదనే పడుతుంది. పక్కన ఒక సిమెంటు దిమ్మ ఉంటే కూర్చున్నాను. కూరగాయల బండి వచ్చింది, పోయింది.

నా నోటి నుంచి ఏం వస్తుందో నాకే తెలియలేదు. "రఘుపతి తినలే," అన్నాను.

యమున తల తిప్పింది.

"మీ అవ్వ అడిగినప్పుడల్ల తిన్నడని చెప్పిన. తినలే. కూర ఇంక పొయ్యి మీదనే ఉండె. అయ్యేదాక ఆగుత అన్నడు. నేనే ఆగనియ్యలే. ఈ కిరాయి అర్రల మీటర్ల దరఖాస్తు ఆనాడే ఇయ్యాలె అని, జల్ది పో, లైను పెరుగుతది, వచ్చి తిందువులే అన్న. చెప్పులేసుకుంట గూడ పొయ్యి దిక్కు చూసిండు."

మూడేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఇంటాయనకు తెలియదు. ఈ పుస్తకానికి కూడా అబద్ధమే చెప్పాను, పైన ఉంది.

యమున వత్తి ఎగదోస్తూ అన్నది, "అవ్వకు ఎరుకే."

"ఏం ఎరుక?"

"తినలేదని. ఒకనాడు బీరకాయ కూర అనేదానివట, ఒకనాడు పప్పుచారు అనేదానివట. ఇంటికొచ్చి నాతోటి చెప్పేది. పిల్లగాడు తినకుంటనే పోయిండే యమునా, ఆమె మింగలేక కక్కలేక ఉన్నది, నేను మల్ల మల్ల అడుగుత, ఒకనాడు చెప్తది, చెప్తె కొంచెం తేలికైతది అనేది."

నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు, ఆమెకూ ఆగలేదు. కాని ఇద్దరం కలిసి ఏడ్చినట్టు కాదు. ఆమె ఏడుపు ఆమెది, నాది నాది.

"దవాఖానల గూడ అడిగింది," అన్నది యమున. "సమ్మవ్వ ఒక్కతే కూసుంటున్నదా మెట్ల మీద అని."

ఇంకేం రాయను ఈ ముచ్చట మీద.

లేచి వస్తుంటే నూనె సీసా నా చేతిలోనే ఉంది. "తెచ్చినవు కదా, పొయ్యి," అన్నది. పోశాను. సగం దీపం బయట డబ్బాలోనే పడింది. దీపం లోపలికి రాలేదు.

నవంబర్ 12, బుధవారం

పదకొండో రోజు. పొద్దున్నే మోటారు వేశాను. పైపు తెరిచిన గేటులోంచి గల్లీ మూల దాకా నేనే లాక్కుపోయి, టెంటు దగ్గర పెట్టి వచ్చాను. యమున, మందమర్రి నుంచి వచ్చిన ఆమె మేనమామ, చుట్టాలు అందరూ ఆ నీళ్లతోనే తలస్నానాలు చేశారు. నీళ్లు మా గడప దాకా పారాయి. పారనిచ్చాను.

యమున నీళ్లను కాదనలేదు. నేను మోటారు మీటనే చూస్తూ నిలబడ్డాను, మధ్యాహ్నం దాకా ఎవరినీ ముట్టనివ్వకుండా.

నవంబర్ 13, గురువారం

యమున ఖాళీ చేసింది. ఉండమన్నాను. ఆ ఏడోది ఉన్న కాగితాన్ని చింపేస్తానన్నాను.

"చింపుకో," అన్నది. "నాకు మాత్రం ఆ గేటు చూస్తె చువ్వలే కనవడుతున్నయి."

ఆటో ఎక్కేముందు నన్ను పిలిచి గోడలు చూపించింది. "మేకులన్ని పీకిన. బొర్రలల్ల సబ్బు పెట్టి పూడ్సిన. చూస్కో, మల్ల అనొద్దు." ఇల్లు ఊడ్చింది, బండలు కడిగింది. నా బిందె బోర్లించి పెట్టింది. అడ్వాన్సు చేతిలో పెట్టాను, ముట్టలేదు కాబట్టి ఉంది. తన చెవి ఇస్తూ, "రెండోది నీ దగ్గర ఉన్నదిగా," అన్నది. శనివారం సంగతి ఆమెకు తెలుసు.

సారవ్వ తమలపాకుల సంచి అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగే మొహం కాదు.

నవంబర్ 16, ఆదివారం

మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

నవంబర్ 24, సోమవారం

అర్రలకు సున్నం వేయించాను. సబ్బు పెట్టిన బొర్రలు నేనే వేలితో తడిమి చూసుకున్నాను, పద్నాలుగు.

కొత్తవాళ్లకు ఇచ్చాం. ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో పని చేసే అబ్బాయి, భార్య ఆమని, అతని తల్లి. రాజమండ్రి దిక్కువాళ్లు. ముసలామెకు నడుము వంగిపోయింది, దగ్గు ఉంది. సదానందం ఆమెను చూసి నన్ను పక్కకు పిలిచాడు. సదానందం తీసుకొచ్చిన నౌకరీవాళ్లు ఇంకో ఇల్లు చూసుకున్నారు, ఆ కోపం కూడా ఉంది వాడికి.

"ముసలోళ్లున్న ఇంటోళ్లకు ఇయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పిన అక్కా? రేపేమన్న అయితె?"

"అయితె గేటు తీస్త."

"నీకు మతిపోయింది."

"పోయింది ఇప్పుడు కాదురా, ఆనాడు పోయింది."

కాగితం రాసేచోట ఏడోది తీసేయమన్నాను. రాసేవాడు అందరూ పెట్టించుకుంటారమ్మా అన్నాడు. పెట్టించుకోనీ అన్నాను. వాడు ఎనిమిదో దానిని ఏడు చేశాడు. సదానందం చాయ్ తాగకుండా పోయాడు. నేను మంచిదాన్నయ్యానని కాదు. సారవ్వకు చేసింది సారవ్వకు చేసిందే, ఇంకెవరికి గేటు తీసినా అది సర్దుకోదు. ఏడోది తీసేసేటప్పుడు కూడా లోపల ఒక గొంతు, ఎనిమిది నెలలు ఖాళీగా పడితే ఎట్లా అని అడుగుతూనే ఉంది.

ఇంటికొచ్చి రఘుపతి పేజీ తీశాను. వాడు పది అని వేసి ఊరుకున్న అంకె ముందు కూర్చున్నాను. వాడి అక్షరాలు దండలాగా ఉన్నాయి. వాటి కింద నావి పెట్టాలంటే సిగ్గేసింది. పెన్సిల్‌తో రాసి, చూసుకుని, మళ్లీ పెన్నుతో దిద్దాను.

10. కిరాయోళ్ల ఇంట్ల మనిషి పోతె గేటు రెండు రెక్కలు తియ్యాలె. మోటరు ఎయ్యాలె. బందు చెయ్యొద్దు.

సాయంత్రం వాళ్ల సామాను వచ్చింది. బిందె తోమి, మంచినీళ్లు నింపి, పొయ్యి గట్టు పక్కన పెట్టి వచ్చాను, దర్వాజ కొట్టే పోయాను. ఆమని మంచం కోళ్లు మోసుకొస్తూ చెమటలో తడిసి ఉంది. మొహం వాడిపోయింది.

"తిన్నరా బిడ్డా?" అన్నాను.

"ఆ, తినే వచ్చామండి."

నేను మళ్లీ అడిగాను.